ఎదుటివాడి కుడి

ఆరో మెట్టు మీద ఆగి, గోడకు అంటించిన నోటీసును కొలతలాయన మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. 'మెట్లపై ఉమ్మరాదు.' రెండే మాటలు. పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాయి. ఆ రెండు మాటలూ చదవడానికి ఆయనకు ఈ మధ్య రెండు నిమిషాలు పడుతోంది. పన్నెండో మెట్టు దగ్గర చిన్న కిటికీ ఉంది. అందులోంచి పక్క భవనం గోడ తప్ప మరేమీ కనిపించదు. రేపో మాపో కొనబోయేవాడిలా ఆ గోడను పైనుంచి కిందిదాకా పరిశీలిస్తాడు. ఇరవయ్యో మెట్టు మీద, ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటాడు. మొత్తం ముప్ఫయ్యొక్క మెట్లు. ఎక్కడా ఆయాసంతో ఆగాడని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

వెనక నుంచి టిక్కు టిక్కుమంటూ చీటీలావిడ ఎక్కి వచ్చింది. కింద వరండాలో కూర్చుని, వచ్చినవాళ్ళకు వరస చీటీలు రాసిచ్చే మనిషి ఆవిడ. నలభై దాటింది. ఎడమ కాలు మోకాలి కిందినుంచి ఈ కేంద్రంలో తయారైనదే.

"ఏంటన్నయ్యా, ఇంకా ఆ నోటీసే చదువుతున్నావా? పరీక్ష గానీ ఉందా?"

"చదివింది చదివినట్టు మరిచిపోతున్నానమ్మడూ. నీకేం, నీకు ఒక కాలికే ఆయాసం. నాకు రెండిటికీ."

"నా రెండో కాలు చేసినవాడివి నువ్వే కదా. ఆ చేత్తోనే నీకూ ఒక జత చేసుకోవాల్సింది!" అని నవ్వుతూ ఆయన్ని దాటి వెళ్ళిపోయింది.

అది కృత్రిమ అవయవాల కేంద్రం. కింద అంతస్తులో కాళ్ళూ చేతులూ తయారవుతాయి. పై అంతస్తులో వాటి కొలతలు ఉంటాయి. కాలు పోయినచోట మిగిలిన భాగాన్ని ఒక యంత్రం నలువైపుల నుంచీ చూసి, గుంటలూ గట్టులూ సహా బొమ్మ కట్టి ఫైలుగా దాస్తుంది. కాలు అరిగినా విరిగినా ఆ ఫైలు తీసి, కింద చెక్కే యంత్రానికి అందిస్తే చాలు. మనిషి రెండు బస్సులు మారి రానక్కర్లేదు, గుడ్డ తీసి నలుగురి ముందూ మళ్ళీ పడుకోనక్కర్లేదు. అలాంటి ఫైళ్ళు తొమ్మిది వేల పైచిలుకు. అన్నీ పైన ఓ చిన్న గదిలో ఉన్న ఫైల్ సర్వర్‌లో ఉంటాయి. ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒక బీరువా అనుకోండి. ఆ బీరువా కాపలాదారు కనకే ఆయన కొలతలాయన అయ్యాడు. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. సన్నగా, కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నవాడిలా ఉంటాడు. గోళ్ళ మొదళ్ళలో ఇప్పటికీ ప్లాస్టర్ తెల్లగా ఉంటుంది. ప్లాస్టర్ గదిలోంచి బయటపడి పదిహేనేళ్ళయినా అది పోలేదు. అంతకు ముందు పదిహేడేళ్ళు కింద ఆ దుమ్ములోనే అచ్చులు పోశాడు. దగ్గు మొదలయ్యాక, దుమ్ము లేని పని అని పైకి పంపారు. కంప్యూటరు ఎవరూ నేర్పలేదు. రెండు వేళ్ళతో తనే నేర్చుకున్నాడు. ఆయన ఒక అక్షరం కొట్టి రెండో అక్షరం వెతికేలోపు కిందికి వెళ్ళి కాఫీ తాగి, గ్లాసు కడిగిపెట్టి రావచ్చునని ఆఫీసులో చెప్పుకునేవారు. అందులో గ్లాసు కడగడం మాత్రం అబద్ధం.

దుమ్ము లేని పనికి వచ్చాడు గానీ, దుమ్ము కూడా ఆయన వెంట వచ్చేసింది. నెల కింద డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకు పెట్టి, "మీ ఊపిరితిత్తులు తేనెపట్టులా అయిపోయాయండీ, కుడిది మరీనూ" అన్నాడు. అంటూ ఫిల్ములో ఎడమ పక్క వేలు పెట్టాడు. కొలతలాయనకు ముందు భయం వెయ్యలేదు. ఎదుటి మనిషి వైపు నుంచి కుడి ఎడమలు చూసే జాతి తమదొక్కటే కాదని తెలిసి ముచ్చటేసింది. తరవాత అడిగాడు: "తేనె ఏమన్నా వస్తుందా డాక్టరుగారూ?" డాక్టరు నవ్వలేదు. ఎండలు ముదిరేదాకా అని చెప్పాడు. ఇప్పుడు ఎండలు మొదలయ్యాయి.

ఈ సంగతి ఇంట్లో అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనా అక్కా ఇద్దరే ఉంటారు. ఇవాళ పొద్దున కూడా ఆవిడ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఒరేయ్, నువ్వు లేకపోతే ఆ కాళ్ళు నడవవుట్రా?"

"నడుస్తాయి గానీ అక్కా, ఇవాళ ఒక్కరోజు పని ఉంది. కొత్తది వస్తోంది. దాంట్లో ఏది వెయ్యాలో చెప్పి వచ్చేస్తా."

"ఏది వేస్తే ఏంటి? ఉన్నవి ఉంటాయి, పోయేవి పోతాయి" అని, ఉండబట్టలేక ఆయన చొక్కా గుండీ తనే పెట్టి పంపింది.

పని నిజంగానే ఉంది. పాత సర్వర్‌లో రెండు డిస్కులు. ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడుతుంది, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. మూడు రోజుల కింద తెర మీద 'కుడి: చెడింది' అని వచ్చింది. ఏ డిస్కు చెడిందో చూపే దీపాల్లాంటివి లేని చవక డబ్బా అది. ఆ ఎడమ, కుడి అనే పేర్లు ఆయన పెట్టినవే. ఇవి కాక వేరే డిస్కులో వారం వారం కాపీ తీసేవాడు. అది నిండిపోయి ఎనిమిది నెలలైంది. పెద్దది కావాలంటే, కొత్త సర్వర్‌తో పాటు చూద్దామన్నారు. అంచేత ఈ ఎనిమిది నెలల్లో వచ్చిన ఆరువందల నలభై మంది కొలతలూ లోకంలో ఒక్కచోటే ఉన్నాయి, ఆ ఎడమ డిస్కులో.

కొత్త సర్వర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టం, డిస్కులు ఏ పద్ధతిలో అని మేనేజరు నోటు రాసిమ్మన్నాడు. నాలుగు రోజులు కూర్చుని రెండు వేళ్ళతో రాశాడు. లినక్స్ వెయ్యాలి, అదీ ఏ హంగూ లేని నల్లతెర లినక్స్. ప్రతిదీ చేత్తో కొట్టి చెప్పాలి, చెబితేనే చేస్తుంది. కారణాలు పదకొండు రాశాడు. పన్నెండోది రాయలేదు. ఆ నల్లతెర ముందు కూర్చోగలిగినవాడు ఈ భవనంలో తనొక్కడే. తను లేకపోతే గడవని చోటొకటి ఉన్నంతకాలం తనకేమీ కాదని, లోపలెక్కడో చిన్నపిల్లాడి మొండితనం లాంటి నమ్మకం ఒకటి ఆయనకు పట్టుకుంది.

పదిన్నరకు షాపతను కొత్త డబ్బా, నాలుగు డిస్కులు మోసుకొచ్చాడు. పాత సర్వర్‌లో చెడిన డిస్కు టకటకమంటూ మాటిమాటికీ మిషన్ను నిలబెట్టేస్తోంది. ముందు దాన్ని పీకేస్తేగానీ కొత్తదానిలోకి కాపీ చెయ్యడం కుదరదు. షాపతను మూత విప్పాడు. సరిగ్గా అప్పుడే కొలతలాయనకు దగ్గు తెర వచ్చి, గది బయట కుర్చీలో కూలబడ్డాడు.

"కుడిదే కదా సార్?" లోపలి నుంచి కేక.

"కుడిదే."

ఆ తరవాత ముందుగా వచ్చింది నిశ్శబ్దం. టకటక ఆగలేదు, మిగతావన్నీ ఆగిపోయాయి. హాల్లో ఒకడు "ఫైలు ఎగిరిపోయిందేంటి!" అన్నాడు. కింద చెక్కే యంత్రం ఎవరిదో మోకాలి దగ్గర ఆగి గీమంది. కుర్చీకీ ఆ గదికీ మధ్య నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ ఆయన ఎలా వేశాడో, తరవాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఏది తీశావ్?"

"కుడిదే సార్. మీరు చెప్పిందే."

"ఎవరి కుడి?"

"అదేంటి సార్! కుడంటే కుడే కదా. నా కుడి."

"నీ కుడి ఎవడడిగాడయ్యా! దాని కుడి!"

"దానికి కుడేంటి సార్, డబ్బాకి?"

షాపతని చేతిలో ఎడమ డిస్కు ఉంది. వెచ్చగా, ఇంకా లోపల సన్నగా తిరుగుతూ ఉంది. కొలతలాయన రెండు చేతులూ చాచి దాన్ని అందుకున్నాడు. కాసేపు కదల్చకుండా, తిరగడం ఆగేదాకా పట్టుకున్నాడు. తరవాత దాని చోట దాన్ని పెట్టి, చెడినదాన్ని తీసి, స్విచ్చి వేశాడు.

డిస్కు తనను తాను సరిచూసుకోవడానికి ఇరవై రెండు నిమిషాలు తీసుకుంది. నల్లతెర మీద అంకె పాకుతున్నట్టు పెరుగుతోంది. ఆయన ఆరువందల నలభై మందిని తలుచుకోబోయాడు, ముగ్గురే గుర్తొచ్చారు. మంచి కాలితో క్లచ్చీ, మన కాలితో బ్రేకూ తొక్కే లారీ డ్రైవరు. కొత్త కాలు పెట్టగానే ముందు తన ఎత్తు కొలిపించుకుని, పాతదానికన్నా అర అంగుళం పెంచమని బతిమాలిన పెళ్ళికొడుకు. ఆరేసి నెలలకోసారి ఎదిగే ఓ పాప. ఆ పాప కాళ్ళ ఫైళ్ళు మొత్తం ఏడు. ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూస్తే పిల్ల ఎదుగుదల అంతా వాటిలోనే తెలుస్తుంది. చివరి రెండూ ఈ ఎనిమిది నెలల్లోవి.

అంకె నూరు దగ్గర ఆగింది. ఫైళ్ళు కనిపించాయి. షాపతను నుదురు తుడుచుకుని, "బతికిపోయాం సార్" అన్నాడు. కొలతలాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

తప్పు షాపతనిది కాదు. ఇక్కడ పనిలో చేరిన మొదటి వారంలో తనూ అదే తప్పు చేశాడు. కుడి కాలు లేని మనిషికి ఎదురుగా కూర్చుని, తన వైపు నుంచి చూసుకుని, నిక్షేపంలాంటి ఎడమ కాలు చేసిపెట్టాడు. పెద్దమేస్త్రీ ఆ కాలును ఆయన బల్ల మీదే నెల్లాళ్ళు నిలబెట్టాడు. "కాలు ఎవడిదో వాడి పక్కన నిలబడి చెప్పరా కుడో ఎడమో" అన్నాడు. ఆ కథ ఆఫీసులో పెరిగి పెరిగి, చివరికి ఆ మనిషి రెండు ఎడమ కాళ్ళతో ఇంటికి బయల్దేరి, మూడు రోజులు గుండ్రంగా తిరిగి మళ్ళీ ఇక్కడికే వచ్చాడన్నంతదాకా వెళ్ళింది. అప్పటినుంచి ముప్ఫై రెండేళ్ళుగా ఆయన తన కుడి ఎడమలు మరిచిపోయి, ఎదుటివాడి కుడి ఎడమలతో బతికాడు. అలవాటు ఎంత ముదిరిందంటే, నోరులేని డబ్బాను కూడా తన ఎదురుగా కూర్చున్న మనిషిలాగే చూసి పేర్లు పెట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పాలని తోచలేదు. తనొక్కడికీ తెలిస్తే చాలుననుకున్నాడు. చాలలేదు.

పన్నెండింటికి మేనేజరు పిలిచాడు. చెడ్డవాడు కాదు, ఏదైనా తొందరగా తేలిపోతే బాగుండుననుకునే మనిషి. ఈ రెయిడ్ అనే మాట మొదటిసారి కొలతలాయన నోట విన్నప్పుడు ఆయన లేచి బీరువా తాళం వేశాడని పుకారు. డిస్కులను కట్టకట్టే పద్ధతిని రెయిడ్ అంటారనీ, అధికారులెవరూ రావడం లేదనీ చెప్పాక మళ్ళీ కూర్చున్నాడట.

"చెప్పండి. విండోస్ వేయిద్దామా? అందరికీ అలవాటే కదా."

"తలకో లైసెన్సు కావాలండి దానికి. మనకి కావలసింది ఫైళ్ళు దాచుకునే బీరువా ఒక్కటే."

"అయితే మీ నల్లతెరే అంటారు."

నాలుగు రోజుల నోటు కొలతలాయన ఒళ్ళో ఉంది. దాన్ని రెండుగా, నాలుగుగా మడిచాడు.

"నల్లతెర వద్దండి. లోపల లినక్సే ఉంటుంది. పైకి మాత్రం బ్రౌజరులో బొమ్మల పేజీ వచ్చే రకం ఉంది, అది వేద్దాం. పచ్చగా ఉంటే బాగున్నట్టు. ఎర్రగా ఉంటే, ఏ నంబరు డిస్కు తియ్యాలో అదే చెబుతుంది."

మేనేజరు తలెత్తి చూశాడు. "అది పిల్లల ఆటబొమ్మ అన్నది మీరే కదండీ?"

"అన్నాను. పిల్లలైనా నడపగలరనే అన్నాను."

"సరే. డిస్కులు మాత్రం రెయిడ్ ఐదు. నాలుగింటిలో మూడింటి చోటు మనకొస్తుందని షాపువాళ్ళు చెప్పారు."

"ఆరు పెడదామండి. రెండింటి చోటే వస్తుంది."

"రెండు వృథా ఎందుకండీ?"

"ఐదులో ఒక డిస్కు చచ్చినా పని ఆగదు. ఆరులో రెండు చచ్చినా ఆగదు."

"ఒకేసారి రెండు చస్తాయా ఎక్కడన్నా?"

"చావవండి. ఒకటే చస్తుంది. ఆ చచ్చినదాన్ని తియ్యబోయి, బతికున్నదాన్ని తీస్తాడు ఒకడు." దగ్గు అడ్డం పడింది. ఆగి, ఊపిరి కూడదీసుకుని అన్నాడు: "ఒకటి చావుకు, ఒకటి పొరపాటుకు."

"మీరుండగా పొరపాట్లేంటండీ?"

"పొద్దున చేశాను."

"ఇక చెయ్యరు కదా."

"నేను చెయ్యను. చేసేవాళ్ళు వేరే ఉంటారు."

మేనేజరుకు ఆ మాట వినబడింది గానీ, అది ఎక్కడికి తగలాలో అక్కడ తగల్లేదు. "చోటు చాలకపోతే మళ్ళీ నన్నడక్కండి మరి" అంటూ సంతకం పెట్టాడు. కాగితం అడుగున కొలతలాయన చేత్తో ఇంకో వాక్యం రాశాడు. చెరిపితే నాలుగు డిస్కుల్లోనూ చెరిగిపోతుంది గనక, వారం వారం వేరే డిస్కులో కాపీ తీసి ఆఫీసు బయట ఉంచాలి. దానికీ సంతకం పెట్టించుకున్నాడు.

రెండింటికల్లా కొత్త డబ్బా సిద్ధమైంది. ముందువైపు నాలుగు సొరుగులు. ఒక్కోదాని మీద తెల్ల కాగితం ముక్క అంటించి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాశాడు. ఏ వైపు నుంచి చూసినా మూడు మూడే. తరవాత చీటీలావిడను పైకి పిలిపించాడు.

"నాకెందుకన్నయ్యా ఇవన్నీ? చీటీలు రాసుకునేదాన్ని."

"నేనూ ప్లాస్టర్ కలుపుకునేవాణ్ణే. కూర్చో. దీంట్లో ప్రస్తుతానికి ఒకటే ఫైలుంది. నీ కాలు."

"ప్రయోగాలకి నా కాలే దొరికిందా!"

"పోతే మళ్ళీ కొలవడానికి దగ్గర్లో ఉన్నది నువ్వే కదా. మూడో నంబరు లాగు."

లాగింది. పేజీలో ఎర్రటి గీత వచ్చింది. ఎవరో గిచ్చినట్టు ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"బాగుంది. ఇప్పుడొక పొరపాటు చెయ్యి."

"ఏం పొరపాటు?"

"నీ ఇష్టం. నన్నడక్కు. పొరపాటు చేసేటప్పుడు ఎవరన్నా అడుగుతారా?"

ఆవిడ కళ్ళు మూసుకుని ఒకటో నంబరు లాగేసింది. రెండు ఎర్ర గీతలు. "ఇప్పుడు ఫైలు తెరువు" అన్నాడు. తెరిచింది. బూడిద రంగులో ఆవిడ కాలు, మోకాలి కింద ఆగిపోయిన కాలు, తెర మీద మెల్లగా తిరిగింది. వెనక నరం దగ్గరి గుంట, కుట్టు కింద గట్టిపడ్డ చోటు, ఒక్కటీ చెదరలేదు. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎప్పుడు వెళ్తున్నావన్నయ్యా?"

"ఎక్కడికి?"

"ఆ నోటీసులో రెండే మాటలున్నాయి. నాకూ చదువొచ్చు."

ఆయన నవ్వబోతే దగ్గొచ్చింది. తగ్గాక, "తేదీ ఇంకా ఖాయం కాలేదు" అన్నాడు. "డిస్కులు రెండూ మళ్ళీ పెట్టు. ముందు మూడు. అది పచ్చబడ్డాకే ఒకటి."

ఆవిడ పెట్టింది. రెండూ పచ్చబడేదాకా ఉంది. వెళ్తూ గుమ్మంలో ఆగి, "అక్కయ్యగారి ఫోన్ నంబరు నా దగ్గర లేదు" అంది. ఆయన కాగితం మీద రాసిచ్చాడు.

మూడుంబావుకు, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చి, కాపీ మొదలుపెట్టాడు. పాత డిస్కులోంచి కొత్త నాలుగింటిలోకి తొమ్మిది వేల మంది కదిలారు. తెర మీద ఒక్కో పేరూ కనిపించి మాయమవుతోంది. స్టూలు గోడకు జరుపుకుని వీపు ఆనించాడు. గది చల్లగా ఉంది. మొదట పేర్లు చదివాడు. తరవాత చదవడం మానేసి, అవి వెళ్ళడం మాత్రం చూశాడు. లారీ డ్రైవరు వెళ్ళాడు. పాప ఏడు ఫైళ్ళూ ఒకదాని వెనక ఒకటి, పొట్టిదాని నుంచి పొడుగుదాని దాకా వెళ్ళాయి. ఊపిరి పైపైనే ఆగిపోతోంది, లోపలికి దిగడం లేదు. తలుపు తీసి ఎవరినైనా పిలవచ్చు. పిలిస్తే కిందికి దింపుతారు, ముప్ఫయ్యొక్క మెట్లు. ఇంకా రెండు వేల మంది ఉన్నారు. వీళ్ళు వెళ్ళాక చూద్దామనుకున్నాడు.

అయిదున్నరకు చీటీలావిడ పైకి వచ్చి, తలుపు అద్దంలోంచి చూసింది. ఆయన తల గోడకు ఆని ఉంది, రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. "అన్నయ్యా" అని ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు. లోపలికి వెళ్ళి, ముందు ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. తరవాత తెర చూసింది. పాతదానిలో ఎన్నో కొత్తదానిలో అన్ని. పేజీ అంతా పచ్చగా ఉంది.

కాగితం తీసి ఫోన్ చేసింది. అవతల అక్క విని, ఒకటే అడిగింది.

"వాడి పని అయిందా తల్లీ?"

"అయిందండి."

"అయితే సరే. వస్తున్నాను" అంది.

నలుగురు కలిసి ఆయన్ను మెట్ల మీదుగా దించారు. ఎక్కడా ఆగాల్సిన పని లేకపోయింది.

మర్నాడు పొద్దున ఊడ్చడానికి వచ్చిన ఆయా, సర్వర్ గది గుమ్మం పక్కన చెప్పు ఒకటి చూసింది. ఆ భవనంలో ఒంటి చెప్పులు, ఒంటి బూట్లు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. కొత్త కాలికి సరిచూడటానికి తెచ్చి మరిచిపోతుంటారు. అలాంటివి వెయ్యడానికి కింద పెద్ద పెట్టె ఉంది. దాన్ని వేలికి తగిలించుకుని, తలుపు కొంచెం పక్కకు జరిపింది. తలుపు చాటున రెండోది ఉంది. రెండూ మడమ దగ్గర ఒకేలా అరిగి, ముందువైపు గుమ్మానికి తిరిగి ఉన్నాయి. చేతిలోదాన్ని ఆమె మళ్ళీ దాని పక్కన, కుడిదాన్ని కుడివైపు, పెట్టి, ఆ జత చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.